సవరణ: సాకై సాల్మన్లన్నీ వేడికి ఒకేలా లొంగవు

కెనడాలోని ఫ్రేజర్ నది గురించి మొన్న రాసిన పోస్టులో "నీరు 18 డిగ్రీలు దాటితే సాకై సాల్మన్ పని అయిపోయినట్టే" అన్నాను. అది తప్పు. అన్నింటినీ ఒకే గాటన కట్టేశాను.

మన పులసలాగే ఇవీ సముద్రం నుంచి ఏటికి ఎదురెక్కి గుడ్లు పెడతాయి. కానీ ఏ వాగులో పుట్టిన చేప మళ్లీ ఆ వాగుకే చేరుతుంది కాబట్టి, ఒకే నదిలో వేర్వేరు జట్లుగా విడిపోయాయి. 2011లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, నది దిగువనే ఆగిపోయే వీవర్ క్రీక్ అనే వాగు చేపల కన్నా, చాలా ఎగువకు వెళ్లే చిల్కో జట్టు చేపలు ఎక్కువ వేడిని ఓర్చుకుంటాయి. చిల్కో చేప 600 కిలోమీటర్లకు పైగా ఈదాలి, అదీ మేత ముట్టకుండా, ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ. దాని గుండెలో అడ్రినలిన్‌ను అందుకునే గ్రాహకాలు ఎక్కువ. నీరు వేడెక్కినప్పుడు గుండెకు అవే ఆసరా అవుతాయని పరిశోధకుల అంచనా.

"మిగిలినవి కొన్నేళ్లలో అలవాటు పడతాయిలే" అన్న మాటనూ వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఓర్పు తరతరాలుగా వచ్చింది. 1950ల నుంచి ఫ్రేజర్ వేసవి నీరు దాదాపు 2 డిగ్రీలు వేడెక్కింది. ఆ వేగాన్ని వీవర్ జట్టు అందుకోగలదన్న ధైర్యం నాకైతే లేదు.