మన బడుల్లో శీలావతి గుడ్లు పొదిగిద్దాం

అమెరికాలో బడిపిల్లలు ట్రౌట్ అనే చేప గుడ్లను తరగతి గదిలోనే పొదిగించి, చేపపిల్లల్ని ఏట్లో వదులుతారని ఒకచోట చదివాను. ఎంత మంచి పనో! మా విజయవాడలో మాత్రం ట్రౌట్ కుదరదు. దానికి 10, 12 డిగ్రీల చల్లటి నీళ్లుండాలి, గుడ్డు పగలడానికే దాదాపు నెల పడుతుంది. మన ఎండలకి కరెంటు పోయి, నీళ్లు చల్లబరిచే చిల్లర్ ఆగిందంటే అంతే సంగతులు.

మనకి శీలావతి, బొచ్చె చేపలున్నాయి కదండీ, రెండూ కార్పు జాతివే. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో చేపల శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి గారు చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కించి మన కార్పు చేపలతో గుడ్లు పెట్టించారు. ఇవాళ కైకలూరు వైపు చేప గుడ్లు పొదిగించే హేచరీలు నడుస్తున్నాయంటే ఆ పుణ్యమే. నీళ్లు 27, 28 డిగ్రీలుంటే ఈ గుడ్లు 14 నుంచి 18 గంటల్లో పగులుతాయి. నీరు పీల్చి ఉబ్బిన గుడ్డు ఉడికిన సగ్గుబియ్యంలా తేటగా ఉంటుంది, లోపల పిల్ల మెలికలు తిరగడం మామూలు కంటికే కనిపిస్తుంది. పొట్టకింది సొన మూడు రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనని పల్చటి గుడ్డలో వడకట్టి, చిటికెడే వెయ్యాలి, మిగిలితే నీళ్లు కుళ్లిపోతాయి.

గుడ్లు దొరికేది వానాకాలంలో, బళ్లు తెరిచి ఉండే రోజులే. సైన్సు మాస్టార్లూ, కుళాయి నీళ్లు నేరుగా పొయ్యకండి, క్లోరిన్‌కి చేపపిల్లలు చచ్చిపోతాయి. మత్స్యశాఖ వాళ్లని అడక్కుండా వాటిని కృష్ణలో వదలకండి.