మేం పోయాక వాడెక్కడ ఉంటాడు?

ఆటిజం ఉన్న కూతురిని, స్కిజోఫ్రీనియా ఉన్న కొడుకుని ఇంట్లోనే చూసుకుంటున్న తల్లిదండ్రులు మన అట్లాంటా తెలుగువాళ్లలోనూ ఉన్నారు. పైకి చెప్పుకోరు. పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుందని సలహాలిచ్చేవాళ్లకు భయపడి కూడా చెప్పరు. వాళ్ల టెన్షన్ ఒక్కటే: మేం పోయాక వాడెక్కడ ఉంటాడు?

ఈ బరువులో రాష్ట్రానికీ వాటా ఉందని నా గట్టి నమ్మకం. ఆ మాట అమెరికా సుప్రీంకోర్టు చేత అనిపించింది మన జార్జియా ఆడవాళ్లే. లోయిస్ కర్టిస్, ఎలైన్ విల్సన్‌లకు మేధో వైకల్యంతో పాటు మానసిక వ్యాధి ఉండేది. బయట ఉండి చికిత్స తీసుకోవచ్చని డాక్టర్లు చెప్పాక కూడా వాళ్లను ప్రభుత్వ ఆస్పత్రిలోనే ఉంచేశారు. అలా అవసరం లేకుండా ఉంచడం వివక్షేనని 1999లో ఓల్మ్‌స్టెడ్ కేసులో కోర్టు తేల్చింది. ఆస్పత్రి దాటి వచ్చిన కర్టిస్ చిత్రకారిణి అయింది. 2011లో తను వేసిన బొమ్మను ఒబామా చేతికి ఇచ్చింది.

కానీ బయట ఉండాలంటే ఇల్లు కావాలి కదా! వైకల్యం ఉన్నవాళ్లు ఆస్పత్రి బయట బతకడానికి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్ వేవర్ సహాయకుల జీతం ఇస్తుంది, ఇంటద్దె ఇవ్వదు. ఎస్‌ఎస్‌ఐ (వైకల్యం ఉన్న పేదలకు నెలనెలా ఇచ్చే సాయం) కింద కేంద్రం ఒంటరి మనిషికి 2025లో ఇచ్చింది నెలకు ఎక్కువలో ఎక్కువ 967 డాలర్లు. అట్లాంటాలో ఒక బెడ్‌రూమ్ అద్దెకే అది చాలదు. మామూలు బ్యాంకు ఖాతాలో 2,000 డాలర్లు దాటితే అదీ ఆగిపోతుంది. ఆ హద్దు 1989 నుంచి కదల్లేదు. హెచ్1బీ మీద ఉన్న కుటుంబంలో ఇండియాలో పుట్టిన బిడ్డకైతే ఎస్‌ఎస్‌ఐ అసలు రాదు. వేవర్ కోసం ఏళ్ల తరబడి క్యూలో ఉన్నవాళ్లు ఉద్యోగం కోసం వేరే రాష్ట్రానికి వెళ్తే, అక్కడ మళ్లీ మొదటి నుంచి నిలబడాల్సిందే.

2010లో కేంద్ర న్యాయశాఖ ఒత్తిడి తెచ్చాక, తీవ్ర మానసిక వ్యాధి ఉన్న సుమారు 9,000 మందికి సహాయంతో కూడిన ఇళ్లు చూపిస్తామని జార్జియా ఒప్పుకుంది. అద్దె వోచర్లు అప్పుడే మొదలయ్యాయి. అడిగితేనే కదిలింది. ఆ వోచర్లు పెంచమని, మేధో వైకల్యం ఉన్నవాళ్లకూ ఇవ్వమని ఇప్పుడు మనం అడగాలి.

శాసనసభ ఏటా జనవరిలో మొదలై 40 రోజులే పనిచేస్తుంది. మన సంఘం సంక్రాంతి సంబరాలకు నాయకులను పిలిచి శాలువాలు కప్పుతుంది. ఈసారి ఆ నాయకుల ముందు మాట్లాడటానికి ఈ తల్లిదండ్రులకు పది నిమిషాలు ఇద్దాం. పిల్లల పేర్లు వేవర్ జాబితాలో ఇంకా రాయించనివాళ్లు ఈ నెలలోనే దరఖాస్తు పెట్టండి.