పడవవాడు ఎవడు?

పోయిన జులైలో నేనూ మా ఆవిడా కెనడా ఉత్తరాన నహానీ నది మీద రెండు వారాలు కనూలో తిరగడానికి బయల్దేరుతూ, రాజమండ్రిలో ఉన్న మా నాన్నకు ఫోన్ చేశాను. కనూ అంటే పైకప్పు లేని సన్నటి పడవ, 17 అడుగుల పొడవు, ఇద్దరు మాత్రమే పడతారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గోదావరి గట్టునే ఉన్న మనిషికి పడవ గురించి పెద్దగా వివరించక్కర్లేదనుకున్నాను.

"పడవవాడు మంచోడేనా?" అన్నాడు.

"పడవవాడు ఉండడు నాన్నా. మేమే తెడ్లు వేసుకుంటాం."

"అయితే ఖర్చేం లేదన్నమాట."

"ఖర్చుంది. వేల డాలర్లు కట్టాం."

"ఎవరికి?"

"గైడ్ కంపెనీకి."

"వాళ్లేం చేస్తారు?"

"మేం తెడ్డు సరిగ్గా వేస్తున్నామో లేదో చూస్తారు."

ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. కాసేపటికి, "అమ్మకిస్తున్నా, మాట్లాడు" అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టను. ఆ తరం ఆర్థిక శాస్త్రం ఇంకా పాత పద్ధతిలోనే ఉంది. ఒళ్లు వంచినవాడు డబ్బు తీసుకుంటాడు, కూర్చున్నవాడు ఇస్తాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటూ మన దగ్గర పడవవాడి పరువు తీశారే గానీ, వాడి ఉద్యోగం మాత్రం వాడికే వదిలేశారు. కెనడా వాళ్లు సమస్యను మూలంలోనే పరిష్కరించారు. మల్లయ్యను పూర్తిగా తీసేసి ఆ ఉద్యోగం ప్రయాణికుడికే ఇచ్చారు. జీతం కూడా అతని దగ్గరే వసూలు చేస్తున్నారు. ఉపాధి కల్పనలో ఇంతకు మించిన ముందడుగు ఈ మధ్యకాలంలో ఏ దేశమూ వేసినట్టు నాకు తెలియదు.

ఇది ఒక్కరోజులో సాధించింది కాదు. రెండు మూడు వందల ఏళ్ల కిందట ఆ దేశంలో బొచ్చు వ్యాపారం జోరుగా ఉన్న రోజుల్లో, బీవర్ అనే నీటి జంతువు తోళ్లు మోయడానికి వాయజర్లు అనే ఫ్రెంచి కూలీలు ఉండేవారు. రోజంతా తెడ్డు వేయాలి. జలపాతం అడ్డొస్తే పడవనీ సరుకునీ ఒడ్డున మోసుకెళ్లాలి. ఒక్కో మూట 90 పౌండ్లు, అంటే మన లెక్కలో 40 కిలోల పైమాటే. అలాంటివి రెండేసి వీపున వేసుకుని నడిచేవారు. దానికి కంపెనీ వాళ్లకు జీతం ఇచ్చేది. ఆ వ్యాపారంలో ఉన్న లోపం అదొక్కటే. తర్వాతివాళ్లు దాన్ని కనిపెట్టి సరిచేశారు. మూట అదే, నది అదే, డబ్బు నడిచే దిక్కు ఒక్కటే మారింది.

నహానీ ఉన్నది నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో. మేం దిగిన ఎగువ ప్రాంతానికి రోడ్డు లేదు. ఫోర్ట్ సింప్సన్ అనే చిన్న ఊరి నుంచి నీటి మీద వాలే విమానంలో మమ్మల్నీ, మా కనూలనీ తీసుకెళ్లి ర్యాబిట్‌కెటిల్ సరస్సులో దింపారు. దింపి వెళ్లిపోయారు. విమానం చప్పుడు ఆగగానే దోమల చప్పుడు మొదలైంది. వాటి గురించి ఎక్కువ రాయను. కాకినాడలో పెరిగిన మా ఆవిడే వాటిని చూసి "అబ్బో" అందంటే చాలు.

యునెస్కో 1978లో మొట్టమొదటి ప్రపంచ వారసత్వ జాబితా వేసినప్పుడే గాలపాగోస్, ఎల్లోస్టోన్ పక్కన ఈ నది పేరూ ఎక్కింది. 2009లో దాని చుట్టూ ఉన్న జాతీయ పార్కును పెంచారు. ఇప్పుడది దాదాపు 30,000 చదరపు కిలోమీటర్లు. పాత ఉభయ గోదావరి జిల్లాలకు పాత కృష్ణా జిల్లాను కలిపి అందులో పెట్టినా ఇంకా కాస్త చోటు మిగులుతుంది.

అంత అడవిలో ప్రభుత్వం ఉండదనుకుంటారు కదా. నేనూ అలాగే అనుకున్నాను. ఊళ్లో లేని ప్రభుత్వమంతా అక్కడే ఉంది. ఎవరు ఎప్పుడు దిగుతారో ముందే రాయించుకోవాలి, రుసుము కట్టాలి. నిప్పు ఎక్కడ వేయాలి, గుడారం ఎక్కడ వేయాలి, గిన్నెలు కడిగిన నీళ్లు ఎక్కడ పారబోయాలి, అన్నిటికీ పద్ధతుంది. ఆ నీళ్లను ముందు జల్లెడ పట్టి, అందులో తేలిన మెతుకుల్ని సంచిలో కట్టి మనతోపాటు తీసుకెళ్లాలి. ఇంట్లో తిన్న కంచం తీయని నేను, ఆర్కిటిక్ వలయానికి కొన్ని వందల కిలోమీటర్ల దిగువన, మోకాళ్ల మీద కూర్చుని ఎంగిలి నీళ్లు వడకట్టాను. మా ఆవిడ ఏమీ అనలేదు. ఫోటో తీసుకుంది. అది ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది.

అన్నిటికన్నా గట్టి రూలు వాసనది. ఆ అడవిలో నల్ల ఎలుగుబంట్లూ ఉన్నాయి, గ్రిజ్లీలూ ఉన్నాయి. వాసన వచ్చే వస్తువేదీ గుడారంలో ఉండకూడదు. టూత్‌పేస్టు, సబ్బు, ఎండకు రాసుకునే క్రీము, అన్నీ 60 లీటర్ల నీలం పీపాలో వేసి, ఇనప పట్టీ బిగించి, గుడారానికి దూరంగా పెట్టాలి.

బయల్దేరే ముందు రోజు రాత్రి మా గైడ్ అందరి సంచులూ తెరిపించింది. పాతికేళ్లు నిండని పిల్ల. మా దగ్గరికొచ్చి, వాసనొచ్చేవి ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది. నేను లేవన్నాను. మా ఆవిడ మాట్లాడలేదు. కాసేపాగి స్వెట్టర్ మడతలోంచి ఒక పొట్లం తీసింది. రబ్బర్ బ్యాండ్ విప్పింది. పాలిథిన్ కవరు తీసింది. లోపల ఇంకో రబ్బర్ బ్యాండ్, ఇంకో కవరు. దాని లోపల సీసా. సీసా మూత కింద మళ్లీ ఒక ప్లాస్టిక్ కాగితం, దాని అంచు చుట్టూ ఎర్రటి నూనె. ఆ కాగితం కూడా తీసేసరికి గైడ్ అర అడుగు వెనక్కి వేసింది.

"ఇది తినేదేనా?" అంది.

"ఆవకాయ" అంది మా ఆవిడ, వేరే వివరం అక్కర్లేనట్టు.

గైడ్ ఆలోచించి, దీన్ని పీపాలో వేద్దామంది. మళ్లీ ఆలోచించి, వేరే పీపాలో వేద్దామంది.

తర్వాత మా ఇద్దరికీ ఎలుగుబంటి స్ప్రే డబ్బాలు పంచి, ఎప్పుడూ నడుముకే ఉంచుకోమంది. అందులో ఉన్నదేమిటని అడిగాను. మిరపకాయ ఘాటు. అంటే ఒక మిరపకాయ ఎలుగుబంటిని పిలుస్తుందని పీపాలో బంధించారు, ఇంకో మిరపకాయ ఎలుగుబంటిని తరుముతుందని నడుముకు కట్టారు. గుంటూరు వాళ్లు ఈ శాస్త్రీయ విభేదాన్ని ఎలా పరిష్కరిస్తారో గానీ, ఆరో రోజు రాత్రి గైడ్ తన బానక్ రొట్టె పట్టుకుని మా పక్కన కూర్చుని, "ఆ ఎర్రది ఇంకా ఉందా?" అని అడిగింది. అంత ఘాటైన సీసా కోసం పద్నాలుగు రోజుల్లో ఒక్క ఎలుగుబంటీ రాలేదు. వచ్చింది గైడ్ ఒక్కతే.

ఇక తెడ్ల సంగతి. ఇద్దరు కూర్చునే కనూలో ముందున్నవాళ్లు రాళ్లు చూసి చెప్పాలి, వెనకున్నవాళ్లు దిక్కు తిప్పాలి. చుక్కాని ఉండదు, వెనకాల తెడ్డే చుక్కాని. ఇంటి పెద్దను కాబట్టి వెనక సీటు నాదే అన్నాను. మొదటి గంటలో మా పడవ మూడుసార్లు గుండ్రంగా తిరిగి ఎగువకు ముఖం పెట్టింది. లోపం పడవలో లేదు, భాషలో ఉంది. పదిహేనేళ్ల మా కాపురం మొత్తం "అటు", "ఇటు" అనే రెండు మాటల మీదే నడిచింది. రిమోట్ అటు పెట్టండి, కారు ఇటు తిప్పండి. ఎటో చేత్తో చూపిస్తాం కాబట్టి గొడవ రాలేదు. నది మీద రెండు చేతులూ తెడ్డు మీదుంటాయి.

"ఏమండీ, అటు! అటు!"

"అటంటే ఎటు?"

"ఇటు కాదండీ!"

ఈలోగా రాయి వచ్చేసింది. రెండో రోజు గైడ్ మా సీట్లు మార్చింది. తిరిగొచ్చాక కూడా చాలా విషయాల్లో అదే ఏర్పాటు కొనసాగుతోంది.

అయిదో రోజుకు వర్జీనియా జలపాతం చేరాం. అక్కడి దెనే ప్రజలు దాన్ని నాయిలిచో అంటారు. ఎత్తు 90 మీటర్లకు పైగా, నయాగరాకు దాదాపు రెట్టింపు. 1928లో ఫెన్లీ హంటర్ అనే ఆయన ఇక్కడికొచ్చి దీనికి తన కూతురి పేరు పెట్టేశాడు. మన దగ్గర కూతురి పేరు రైస్ మిల్లుకి పెడతారు, బస్సుకి పెడతారు, మరీ ముద్దయితే అపార్ట్‌మెంటుకి పెడతారు. ముందే పేరున్న జలపాతానికి పెట్టాలంటే ఇంకో స్థాయి ధైర్యం కావాలి.

జలపాతం పక్కన కిలోమీటరు పైచిలుకు దారి ఉంది. కొంతదూరం చెక్కలు పరిచారు. ఆ దారిలో కనూలూ, పీపాలూ, సంచులూ, వంటసామానూ అన్నీ మనమే మోయాలి. ఒక్కసారికి తరగవు. నేను నాలుగు విడతలు తిరిగాను. అంటే బరువుతో నాలుగుసార్లు, ఖాళీ చేతులతో మూడుసార్లు. ఓడలు బళ్లు, బళ్లు ఓడలు అవుతాయని చిన్నప్పుడు మాస్టారు చెబితే జీవితం గురించి అనుకున్నాను. తల మీద కనూ బోర్లించుకుని, ముందు అడుగున్నర నేల తప్ప ఏమీ కనపడకుండా, ముక్కు మీద దోమను తోలడానికి చెయ్యి ఖాళీ లేకుండా నడుస్తుంటే, అది సామెత కాదని, ఎవరో నిజంగా అనుభవించి చెప్పిన మాటని అర్థమైంది. నా వెనకాల ఇంకో కనూ మోస్తున్న పెద్దాయన రిటైరైన పళ్ల డాక్టరు, అరవై ఆరేళ్లు. "అద్భుతంగా లేదూ?" అన్నాడు. కనూ కింద ఉన్నాను కాబట్టి నా ముఖం ఆయనకు కనపడలేదు.

జలపాతం కిందే అసలు నీళ్లు. నాలుగు లోయలుంటాయి. మొదట వచ్చేది నాలుగో లోయ, తర్వాత మూడు, రెండు, చివర ఒకటి. పేర్లు పెట్టినవాళ్లు దిగువ నుంచి ఎదురు ప్రవాహంలో వచ్చారు, వాళ్ల లెక్క అలాగే ఉండిపోయింది. కొన్నిచోట్ల గోడలు వెయ్యి మీటర్ల ఎత్తు దాటుతాయి. నది ముందు పుట్టి కొండలు తర్వాత లేచాయట. కొండ లేస్తున్నకొద్దీ నది తన దారి వదలకుండా కోసుకుంటూ పోయింది. అందుకే మైదానంలో ఏరు తిరిగినట్టు వంపులు తిరుగుతుంది, ఇరుపక్కలా మాత్రం నిలువు రాయి. అక్కడ వ్యంగ్యం నడవలేదు. మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తూ కూర్చున్నాను. వెనక నుంచి "తెడ్డు!" అని వినపడింది.

పేర్ల విషయంలో మాత్రం ప్రభుత్వం కలగజేసుకోవాలి. 1908లో ఇక్కడ మెక్‌లియోడ్ అన్నదమ్ముల అస్థిపంజరాలు తలలు లేకుండా దొరికాయని చెబుతారు. బంగారం కోసం వచ్చిన వాళ్లు. అప్పటినుంచి చుట్టుపక్కల పేర్లన్నీ చావు పేర్లే. ఒకటి డెడ్‌మెన్ వ్యాలీ, ఇంకొకటి హెడ్‌లెస్ రేంజ్, మరొకటి ఫ్యూనరల్ రేంజ్. ఆ రోజుల్లో తలలు ఇక్కడికొచ్చాక పోయేవి. మేం డబ్బు కట్టేటప్పుడే ఇంటి దగ్గర వదిలేసి వచ్చాం. డెడ్‌మెన్ వ్యాలీ చూస్తే విశాలంగా, ప్రశాంతంగా, పెళ్లి పందిరి వేసుకునేలా ఉంది. హెల్స్ గేట్, అంటే నరక ద్వారం, ఎనిమిది అంకె ఆకారంలో తిరిగే పెద్ద సుడుల చోటు. భయంతో ఒళ్లు దగ్గర పెట్టుకుని దాటేశాం. మేం బోల్తా పడింది జార్జెస్ రిఫుల్ దగ్గర. రిఫుల్ అంటే నీటి మీద చిన్నపాటి గలగల. ఆ మాట విని అక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోలేదు.

ఆ నీళ్ల చల్లదనం ఒంటికి తగిలే ముందు ఊపిరికి తగులుతుంది. గైడ్ నేర్పినట్టే వెల్లకిలా పడి, కాళ్లు దిగువకు పెట్టి, నిలబడే ప్రయత్నం చేయకుండా కొట్టుకుపోయాను. విసిరిన తాడు అందింది. ఒడ్డున పడ్డాక మొదటి మాట మా ఆవిడే అంది: "సీసా?" పీపా తేలుతూ వచ్చింది. ఆవకాయ క్షేమం.

ఇదంతా మనిషి తాకని అడవి అని అచ్చువేసిన కాగితాల్లో ఉంటుంది. దెనే వాళ్లు వేల ఏళ్లుగా ఈ నీటి మీదే తిరుగుతున్నారు. 1970లో ప్రధాని పియర్ ట్రూడో కూడా వచ్చి చూసి వెళ్లాడు. వాళ్లందర్నీ తీసేస్తే, అవును, మనిషి తాకలేదు.

చివరి రోజు నది పాయలుగా విడిపోయి వేగం తగ్గింది. ఎదురుగాలి. ఎంత తెడ్డు వేసినా ఒడ్డున చెట్టు అక్కడే ఉంది. దూరంగా నహానీ బ్యూట్ కొండ, దాని కింద అదే పేరున్న ఊరు. ఆ ఊరి వైపు నుంచి మోటారు బిగించిన అల్యూమినియం పడవ ఒకటి ఎదురు వచ్చింది. అందులో ఒక దెనే పెద్దాయన, కాళ్ల దగ్గర ఒక మనవడు, ఒక కుక్క. మా దగ్గరికి వచ్చి ఇంజను ఆపాడు. మా పడవల్నీ, మా చేతుల బొబ్బల్నీ, నీలం పీపాల్నీ తాపీగా చూశాడు.

"మోటారు పాడైందా?" అని అడిగాడు.

మా గైడ్ నవ్వింది. పళ్ల డాక్టరు నవ్వాడు. అనుభవం కోసం కావాలనే ఇలా వెళ్తున్నామని చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఎవరికి ఎంత కట్టామో కూడా చెప్పి ఉండేవాణ్నేమో.

"అవునండీ, పాడైంది" అంది మా ఆవిడ వెనక సీట్లోంచి.

ఆయన తల ఊపి తాడు విసిరాడు. నేను తిరిగి చూసేసరికి అది ఆవిడ చేతిలో ఉంది.