సవరణ: 1957 నాటి సోవియట్ ఆయుధ నిషేధ ప్రతిపాదన

పశ్చిమాసియాకు ఆయుధాలు పంపరాదన్న సోవియట్ ప్రతిపాదనకు అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ సమ్మతించాయని గ్రూప్స్ అభ్యర్థుల కోసం మొన్న పెట్టిన పోస్టులో రాశాను, అది తప్పు. హనుమకొండ గ్రంథాలయంలో చదువుకునే ఒక తమ్ముడు జిరాక్సు కాగితంపై ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి చూపించాక, అప్పటి దౌత్య పత్రాలను మళ్లీ చూశాను. 1957 ఫిబ్రవరి 11న మాస్కో పంపిన లేఖల్లో ఆయుధ సరఫరా మానుకోవడంతో పాటు విదేశీ స్థావరాల తొలగింపు, ఆ దేశాలను సైనిక కూటముల్లోకి లాగకపోవడం వంటి అంశాలూ ఉన్నాయి. పశ్చిమాసియాలోని సైనిక కూటమి అయిన బాగ్దాద్ ఒడంబడికలో సభ్యదేశమైన బ్రిటన్‌కు ఇవి మింగుడుపడేవి కావు. మూడు ప్రభుత్వాలూ తమలో తాము సంప్రదించుకుని మార్చి 11న ప్రతిపాదనను తిరస్కరించాయి. 1950 మే నాటి త్రైపాక్షిక ప్రకటనను దీనితో కలిపేసుకోవడమే నా పొరపాటుకు మూలం. ఆ ప్రకటన ఈ మూడు దేశాలు చేసినదే, అందులో ఆయుధాల ప్రస్తావన ఉంది గానీ పూర్తి నిషేధం లేదు.