పాత ట్యాంకుకు కొత్త పాచి

బీబీనగర్, వలిగొండ వైపు మూసీ కత్వల (ఏటికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) కింద నాటు వేసే రైతుకు యూరియా గురించి పెద్దగా టెన్షన్ ఉండదు. ఏట్లో నీళ్లతో పాటే నత్రజని వస్తుంది. అది మేలనుకుంటే పొరపాటు. పైరు నల్లగా, ఏపుగా ఎగబాకి, గింజ గట్టిపడే వేళకు నేలకు ఒరిగిపోతుంది. హైదరాబాద్ వదిలే మురుగులోని అమ్మోనియా చేసే పని ఇది.

మురుగును శుద్ధి చేసే వదులుతున్నాం కదా అంటారు. అంబర్‌పేటలో 339 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 33.9 కోట్ల లీటర్ల కేంద్రం ఉంది. నాగోల్‌లోనూ ఉంది. రెండూ యూఏఎస్‌బీ పద్ధతిలో కట్టినవి. గాలి తగలకుండా బతికే బ్యాక్టీరియా మలినాన్ని చాలావరకు తినేస్తుంది గానీ అమ్మోనియా జోలికి పోదు. 2017లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ప్రమాణాల్లో అమ్మోనియాకు హద్దే లేదు. నత్రజనికీ హద్దుండాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) చెప్పాల్సి వచ్చింది. నగరానికి 2021లో 31 కొత్త కేంద్రాలు మంజూరయ్యాయి, మంచిదే. మరి పాతవాటి సంగతేంటి?

వాగులో రాయి మీద కాలు జారని వాళ్లుండరు. ఆ జిగురు పొరే బయోఫిల్మ్. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. నీళ్లలో తేలుతుంటే, పిల్లలు పెట్టేలోపే ప్రవాహంతో కొట్టుకుపోతుంది. అతుక్కోవడానికి చోటిస్తే నిలబడుతుంది. నార్వే వాళ్లు 1980ల చివర్లో ఈ కిటుకునే పట్టుకుని, ట్యాంకులో చిన్న చిన్న ప్లాస్టిక్ చక్రాలు పోసి గాలితో తిప్పారు. ఒక ఘనపు మీటరు చక్రాల్లో పొర పట్టే జాగా సుమారు 500 చదరపు మీటర్లు. మన లెక్కలో దాదాపు అయిదు గుంటలు! గాలి పెట్టే ట్యాంకు ఇప్పటికే ఉన్నచోట గుంట భూమి కూడా సేకరించకుండా శుద్ధి సామర్థ్యం పెంచుకోవచ్చు.

అయితే యూఏఎస్‌బీ ట్యాంకులో చక్రాలు పోస్తే ఏమీ రాదు, అక్కడ గాలే ఉండదు. దాని తర్వాత నీళ్లు నిలిచే కుంటల్లో కొంత భాగాన్ని గాలి ట్యాంకుగా మార్చాలి. ముందు సన్నటి జాలీలు కావాలి. లేకపోతే వెంట్రుకలు, గుడ్డపేలికలు, పాల కవర్లు చక్రాలకు చుట్టుకుంటాయి. అన్నిటికంటే కష్టం కరెంటు బిల్లు. చక్రాలు తిరగాలన్నా, పొర లోపలికి ప్రాణవాయువు అందాలన్నా బ్లోయర్లు రాత్రింబవళ్లు నడవాలి. ఒక్క పూట ఆపినా అమ్మోనియా అలాగే బయటికి పోతుంది.

ఇదంతా మేం ఊరికే చెప్పడం లేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) మన నల్లగొండ పేరే పెట్టింది. రోజూ పాళ్లు చూసి కలిపే మనిషి లేనిచోట ఆ పద్ధతీ మూలన పడింది. కాబట్టి టెండరులో చక్రాల ధర ఒక్కటే చూడొద్దు. పదేళ్ల నిర్వహణ, కరెంటు ఖర్చు అందులోనే ఉండాలి. బిల్లు చెల్లించే ముందు నమూనా తీయాల్సింది అంబర్‌పేట గేటు దగ్గర కాదు, వలిగొండ దగ్గర, రైతు మడిలోకి పారే కాలువలో.