మొదటి బహుమతి గారికి, ఒక చదరంగం పిచ్చోడి లేఖ

అయ్యా మొదటి బహుమతి గారూ,

1950, 60ల నాటి టోర్నమెంట్ల కబుర్లు చదువుతుంటే మీ మీద ఒళ్ళు మండి ఈ ఉత్తరం రాస్తున్నాను. మిమ్మల్ని నమ్ముకున్నవాళ్ళలో ఎవరింట్లో అయినా మీరు పొయ్యి వెలిగించారా అసలు? ప్రపంచ చాంపియన్‌గా వెలిగిన మాక్స్ యూవే ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పుకున్నాడు. పసితనంలోనే పెద్దపెద్దవాళ్ళని ఓడించిన రెషెవ్‌స్కీ పెద్దయ్యాక అకౌంటెంటుగా పద్దులు రాసుకున్నాడు. నైడార్ఫ్ అర్జెంటీనాలో బాగా సంపాదించాడు నిజమే, కానీ అది ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మి, మీ చలవ కాదు. రూబెన్ ఫైన్‌ని 1948 ప్రపంచ చాంపియన్‌షిప్‌కి పిలిస్తే, చదువు పూర్తి చేసుకోవాలి, రానన్నాడు. మీ లోతు సరిగ్గా కొలిచింది ఆయనే. సోవియట్ ఆటగాళ్ళకైతే నెలనెలా సర్కారు జీతం ఇచ్చేది, మీరు ఇచ్చినా మానినా వాళ్ళ కంచంలో అన్నానికి లోటు లేదు.

మీకు కాస్త ఒళ్ళొచ్చింది 1963లో, లాస్ ఏంజెలెస్‌లో. అప్పుడు మీరు 3,000 డాలర్లు. అదీ పెట్రోసియన్, కెరెస్ సమానంగా నిలవడంతో ఒక్కరికీ పూర్తిగా దక్కలేదు. 1966లో శాంటా మోనికాలో 18 రౌండ్లు, దాదాపు నెల రోజులు కూర్చోబెట్టి స్పాస్కీకి 5,000 ఇచ్చారు, ఒక్క అర పాయింటు వెనకబడిన ఫిషర్‌కి 3,000. అంటే అర పాయింటు ఖరీదు 2,000 డాలర్లు! మా కిరాణా కొట్టాయన కూడా తూకంలో ఇంత తేడా చెయ్యడు.

ఇంకో మాట. ఆ రెండు టోర్నమెంట్లకీ డబ్బు పెట్టిన జాక్వెలిన్ పియాటిగోర్‌స్కీ రోత్‌షీల్డ్ బ్యాంకర్ల ఇంటి బిడ్డ, స్వయంగా మంచి ఆటగత్తె, ఆవిడ చెయ్యి పెద్దది, కాదనను. కానీ 1961లో ఫిషర్, రెషెవ్‌స్కీల మ్యాచ్‌కి కూడా ఆవిడే అండ. 11 ఆటలయ్యేసరికి స్కోరు ఐదున్నర, ఐదున్నర. పన్నెండో ఆట రెషెవ్‌స్కీ సబ్బాత్ (యూదులు పని మానేసే శనివారపు విశ్రాంతి) వల్ల ఆదివారానికి వాయిదా పడింది, సరే. తర్వాత జాక్వెలిన్‌ గారికి తన భర్త సెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) కచేరీ వినాలని ఉందని దాన్ని పొద్దున 11 గంటలకి లాగారు. ఫిషరేమో పొద్దెక్కేదాకా పడుకునే రకం. రాలేదు. ఆట పోయింది, ఆ తర్వాత మ్యాచే ఆగిపోయింది, గెలుపు వాటా రెషెవ్‌స్కీ చేతికి. కచేరీ ఎలా జరిగిందో మరి!

మా వైపు మాత్రం మీరు పేదగానే వచ్చారు లెండి. 1955లో మన ఏలూరులో తొలి జాతీయ పోటీలు జరిగితే సప్రే, వెంకయ్య ఉమ్మడి విజేతలు, అంటే ఇక్కడా మీరు సగమే. నాకైతే ఒకసారి జిల్లా పోటీలో స్టీలు డబ్బా రూపంలో దర్శనమిచ్చారు. మూత సరిగ్గా పట్టదు. మా అమ్మ అందులో కందిపప్పు పోస్తుంది, పురుగు పడితే ఇప్పటికీ నన్నే తిడుతుంది.

ఇట్లు,
ఎప్పుడూ మూడో స్థానంలో ఉండే ఒకడు