‘ఏదో పడలేదు’ అని వదిలేయొద్దు

మే నెల ఎండలో ఉప్పల్‌లో బస్సు దిగిన మహిళకు ముఖం ఒక్కసారిగా ఎర్రబడుతుంది. ఒళ్లంతా దద్దుర్లు, కడుపులో మెలిపెట్టే నొప్పి, కళ్లు తిరిగి కూలబడిపోతుంది. ఆస్పత్రిలో సూది వేసి, ‘ఏదో పడలేదమ్మా’ అని పంపేస్తారు. కొద్ది రోజులకు మళ్లీ అదే. ఈసారి ఇంట్లోవాళ్లే ‘అంతా టెన్షన్ వల్లే’ అంటారు. చర్మానికి ఒక డాక్టరు, కడుపుకు ఇంకో డాక్టరు అంటూ ఏళ్లకేళ్లు తిరిగేవారిలో కొందరి అసలు జబ్బు మాస్ట్ కణాలది.

1878లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ పేరు పెట్టిన ఈ రోగనిరోధక కణాలు చర్మంలో, పేగుల్లో, ఊపిరితిత్తుల్లో కాపలా ఉంటాయి. మాస్టోసైటోసిస్ అనే జబ్బులో అవి మితిమీరి పెరుగుతాయి. పెద్దవారిలో చాలామందికి కిట్ అనే జన్యువులో మార్పే దీనికి మూలం. మరికొందరిలో సంఖ్య పెరగకపోయినా, చీటికీమాటికీ హిస్టమిన్ లాంటి రసాయనాలు కుమ్మరిస్తాయి. ఎండ, రాపిడి, కందిరీగ కాటు, మద్యం, మందుల షాపులో అడగ్గానే ఇచ్చే నొప్పి మాత్ర... ఒక్కొక్కరికి ఒక్కోటి పడదు. పసిపిల్లల ఒంటిమీది గోధుమరంగు మచ్చను కాస్త రుద్దితే ఎర్రగా ఉబ్బిందంటే అనుమానించాలి. అయితే ఎక్కువమంది పిల్లల్లో పెద్దయ్యేసరికి తగ్గుముఖం పడుతుంది కాబట్టి తల్లులు బెంబేలెత్తనక్కర్లేదు.

మాకు బాధ కలిగించేది చేజారుతున్న అవకాశం. దద్దుర్లు, కళ్లు తిరగడం మొదలైన 4 గంటల్లోపు రక్తం తీసి, మాస్ట్ కణాలు వదిలే ట్రిప్టేజ్ ఎంత ఉందో పరీక్ష చేయాలి. అన్నీ తగ్గాక కనీసం 24 గంటలు ఆగి మరోసారి చేయాలి. రెండో అంకెకు 20 శాతం, ఆపైన మరో 2 (మిల్లీలీటరు రక్తానికి నానోగ్రాముల లెక్కలో) కలిపితే వచ్చేదాన్ని మొదటి అంకె మించితే మాస్ట్ కణాలు రేగినట్టే. మర్నాడు ఎంత వెతికినా ఆ మొదటి అంకె దొరకదు. నగరంలోని ప్రతి ఎమర్జెన్సీ వార్డులో ఈ రక్తం తీయడం అలవాటు కావాలి.

ఊపిరి ఆడక, బీపీ పడిపోతున్నప్పుడు ముందు వేయాల్సింది అడ్రినలిన్ సూది, అదీ తొడ కండరానికి. అలర్జీ మాత్రలు, స్టెరాయిడ్ దాని తర్వాతే. ఆ చిన్న మందు సీసా (ఆంప్యూల్) ప్రతి బస్తీ దవాఖానాలో చేతికందేచోట ఉండాలి, వేయడం నర్సులందరికీ రావాలి.

జబ్బు తేలినవారికి డిశ్చార్జి కాగితంతోపాటే ఒక చీటీ ఇవ్వాలని ఆస్పత్రులను కోరుతున్నాం. జబ్బు పేరు, పడని మందులు, ‘ముందు అడ్రినలిన్ వేయండి’ అన్న మాట. పర్సులో పట్టేంత చీటీ, తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో. ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టరు చేతిలో మొదట పెట్టాల్సింది కూడా అదే.